చంద్రుని చీకటివైపు

పాశ్చాత్యుల రాక్ సంగీతమును గూర్చి మన యిండ్లలో రెండు విధములైన నడవడి కనబడుచుండును. పెద్దలు దానిని డప్పుల మోతయనియు, కేకలనియు, మత్తుపదార్థముల వాసనగల విద్యయనియు చెప్పి తలుపు మూయుమందురు. పిన్నలు తలుపు మూసికొనియే దానిని విందురు. తలుపున కీవలివారు గాని యావలివారు గాని ఆ పాటలో నేమి చెప్పబడియున్నదని విచారించుట మాత్రము మిక్కిలి అరుదు. అందుచేత ఈ శీర్షిక క్రింద నేనొక రాక్ రికార్డును గూర్చి వ్రాయబోవుచున్నానని తెలిసిన చదువరులలో కొందఱు పుట త్రిప్పివేయ దలంతురని యెఱుగుదును. వారిని కొంచెము సేపు ఆగవలసినదిగా వేడుచున్నాను. నేను చెప్పబోవునది మన యిండ్లకు సంబంధించిన సంగతియే.

ఆ రికార్డు పేరు 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', అనగా చంద్రుని చీకటివైపు. అది 1973 మార్చి నెలలో వెలువడినది. కూర్చినవారు పింక్ ఫ్లాయిడ్ అను పేరుగల ఇంగ్లండు బృందమువారు: రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్ అను నలుగురు. ఇది అమెరికాలోని అమ్మకపు పట్టికలో 1973 నుండి 1988 లోపల ఏడువందల పైచిలుకు వారములు నిలిచియుండెను. ఇంతకాలము ఇంతమంది కొన్నారన్నంత మాత్రమున ఒక రచన గొప్పదగునని నేననను. మన నవలలలో నెక్కువగా అమ్ముడుపోయినవానిని తలచుకొన్నచో ఆ భ్రమ వెంటనే తొలగును. కాని విచిత్రమేమనగా, ఇందు ప్రేమపాట యొక్కటియు లేదు. ఉన్నది కాలము, ధనము, మరణము, యుద్ధము, మతిభ్రమణము. ఈ విషయములపై నెవ్వరైన నుపన్యసించిన మన సభలలో సగము కుర్చీలు ఖాళీయగును.

ఇంగ్లండునందు 1960ల చివరి సంవత్సరములలో కొందఱు యువకులు మూడు నిమిషముల ప్రేమపాటలతో విసిగిపోయి, శాస్త్రీయ సంగీతమునుండియు, జాజ్ నుండియు, అప్పుడే పుట్టుచుండిన విద్యుద్వాద్యముల నుండియు సామగ్రి తెచ్చికొని దీర్ఘకృతులను కట్టసాగిరి. ఆ శాఖకు ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు కలిగెను. అందులో ఒకే భావమును పట్టుకొని మొదటినుండి తుదివఱకు నడపిన రికార్డును కాన్సెప్ట్ ఆల్బమ్ అందురు. మనవారి కిది యంత క్రొత్తగాదు. రాగమాలికలో రాగములు మాఱినను కృతి యొక్కటియే గదా. హరికథలో పద్యము, వచనము, కీర్తన, పిట్టకథ యన్నియు ఒక్క కథను మోసికొనిపోవును. అయితే ఈ రికార్డులో కథ లేదు, నాయకుడు లేడు. 1971 చివరిభాగమున మేసన్ గారి వంటయింటి బల్లచుట్టు కూర్చుండి, మనుష్యుని బుద్ధిని త్రొక్కి చెడగొట్టునవి యేవియని వీరు ఆలోచించిరట. ఆ పీడనములే ఇందలి పాత్రములు. రికార్డు చేయుటకు పూర్వమే, 1972 ఫిబ్రవరిలో లండనులోని రెయిన్‌బో నాటకశాలయందు దీనిని సభలో వాయించినప్పుడు 'వివిధోన్మత్తులకై యొక కృతి' యను అర్థము వచ్చు ఉపనామము నుంచిరి. సభికులందఱును ఉన్మత్తులేయను చమత్కారము అందున్నది. చమత్కారము క్రిందనున్న మాటయే ఈ రికార్డుకు ప్రాణమని నా యభిప్రాయము.

దీనిని నేను మొదట వినినది 1983లో, కళాశాల వసతిగృహమున. మా గదిలోని సహాధ్యాయికి విదేశముననున్న యన్నగారు పంపిన క్యాసెట్టు అది. నాకప్పటికి త్యాగరాజకీర్తనలును ఘంటసాల పాటలును దప్ప వేఱు తెలియదు. ఇంగ్లీషు మాటలు సగమైన పట్టుబడలేదు. అయినను మొదట వినబడిన గుండెచప్పుడు పట్టుకొన్నది. అది నిజమైన గుండెది కాదు; మేసన్ తన పెద్ద డ్రమ్మును మెత్తపఱచి కొట్టినది. ఆ చప్పుడుతో మొదలైన రచన సుమారు 43 నిమిషముల పిమ్మట ఆ చప్పుడుతోనే ముగియును. నడుమ పది భాగములు, అయిదు ఒక ప్రక్క, అయిదు రెండవ ప్రక్క. ఒక ప్రక్కలోని భాగములు ఒకదానిలో నొకటి కలిసిపోవుటచే ఎచ్చట నొకటి తీఱి వేఱొకటి ఆరంభమయ్యెనో తెలియదు. ఈనాడు చేతిలోని ఫోనులో పాటలను ముక్కలు చేసి, పది క్షణములు విని దాటవేయు అలవాటువారికి ఇది యొక పరీక్ష. ముక్కగా విన్నచో దీనిలోని ప్రయోగములు వట్టి గారడీగా తోచును.

ఆ ప్రయోగములను గూర్చి కొంత చెప్పవలెను. లండనులో అబ్బీ రోడ్డుమీదనున్న ఇ.ఎం.ఐ. కంపెనీవారి స్టూడియోలో 1972 వేసవినుండి 1973 ఆరంభమువఱకు విడతలు విడతలుగా దీనిని పూర్తిచేసిరి. శబ్దములను యంత్రములోనికి ఎక్కించి మీటతో పలికించు సౌకర్యము అప్పుడు లేదు. కావలసిన చప్పుడును టేపుమీద పట్టి, టేపును కత్తెరతో కోసి, కొలబద్దతో కొలిచి, అతికి, ఉంగరమువలె చుట్టి త్రిప్పవలెను. ధనమును గూర్చిన 'మనీ' యను పాట ఆరంభమున వినబడు నాణెముల గలగల, కాగితము చింపు చప్పుడు, దుకాణపు గల్లాపెట్టె టింగుమనుట యిట్లే కూర్చబడినవి. వాటర్స్ గారి భార్య కుండలుచేయు కళాకారిణి. ఆమె మట్టి కలుపుకొను పాత్రలోనే ఆయన నాణెములు విసరి చప్పుడు పట్టుకొనెను. ఈ చప్పుళ్లు ఏడు దెబ్బల వరుసగా తిరుగును. పాటయు ఏడు దెబ్బలదే. నాలుగింటి నడకకు అలవాటుపడిన రాక్ శ్రోతలకు ఇది కాలు తడబడినట్లుండునట. మిశ్రచాపుతో పెరిగిన మన చెవికి అదేమియు కష్టము కాదు. తొడమీద తాళము వేయుచు నేను హాయిగా వింటినని చెప్పిన మా సహాధ్యాయి నమ్మలేదు. నడుమ గిల్మర్ గిటారు విజృంభించునప్పుడు మాత్రము వారును నాలుగింటిలోనికి దిగిపోవుదురు. పాట మరల వచ్చుసరికి ఏడునకు తిరిగివత్తురు. ధనమును ఎగతాళి చేసిన ఈ పాటయే వారిని ధనికులను చేసినదనుట లోకపు తమాషాలలో నొకటి. ఆ ధనములో కొంత పెట్టుబడిగా బెట్టి 1975లో మాంటీ పైథాన్ హాస్యగాండ్ర చలనచిత్రమునకు తోడ్పడిరి. అంతవఱకు సద్వినియోగమే.

కాలమును గూర్చిన 'టైమ్' అను పాటకు ముందు గడియారములన్నియు ఒక్కసారి మ్రోగును. అలన్ పార్సన్స్ అను శబ్దశిల్పి, అప్పటికి ఇరువదియైదేండ్లు నిండని యువకుడు, పాతగడియారముల దుకాణమునకు పోయి ఒక్కొక్కదానిని విడివిడిగా టేపు కెక్కించి తెచ్చెను. తరువాత వచ్చు పాట సారమును నా మాటలలో చెప్పెదను. జీవితమునకు సిద్ధపడుచున్నామని తలంచుచు యువకుడు ఎవరో వచ్చి 'ఇక బయలుదేఱుము' అందురని ఎదురుచూచును. తీరా చూచుకొనిన పదియేండ్లు గడచిపోయియుండును. ఇది వ్రాసినప్పుడు వాటర్స్ వయస్సు ముప్పదికి లోపు. పరీక్ష కానిమ్ము, ఉద్యోగము రానిమ్ము, పిల్ల పెండ్లి యగునిమ్ము, అటుపిమ్మట నాలుగు పుస్తకములు చదువుకొందును, ఒకమాఱు కాశికి పోయివత్తును అనుకొనుచునే అఱువదవ యేటికి చేరినవారిని నేను పదుగురిని చూచియున్నాను. ఆ పాట వారికి వినిపింపవలెను.

ప్రయాణపు కలతను చూపు 'ఆన్ ది రన్' అను భాగములో మాటలతో పాట లేదు. చేతిపెట్టెలో నిమిడెడు సింథసైజరు నొకదానిని ముందుంచుకొని, ఎనిమిది స్వరములను మెల్లగా దానిలో నిక్షేపించి, పిదప అతివేగముగా త్రిప్పిరి. దానిపై అడుగుల చప్పుడు, పరుగు, ప్రకటనలు, విమానము కూలుట. మొదటిసారి ఆశ్చర్యము, నాలుగవసారి కొంత విసుగు. రెండవ ప్రక్కన నడుమవచ్చు వాద్యభాగమును గూర్చియు నాకు చెప్పదగినది విశేషముగా లేదు.

కాని మొదటి ప్రక్క చివరనున్న 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై' సంగతి వేఱు. అది మరణమును గూర్చినది. రైట్ గారు పియానోపై కట్టిన ఒక శోకమయమైన వరుస. దానిపై నేమి పెట్టవలెనో వారికి చాలకాలము తోచలేదు. సభలలో వాయించునప్పుడు మతగ్రంథ పఠనము నుంచి చూచిరి, కుదురలేదు. తుదకు 1973 జనవరి 21, ఆదివారమునాడు క్లేర్ టొరీ అను గాయనిని పిలిపించిరి. ఆమెకు ఇరువదియైదేండ్లు. మాటలేవియు నీయలేదు. మరణమును తలచుకొని పాడుమనిరి. తన గొంతు నొక వాద్యముగా భావించి ఆమె పాడినది. ఆ పాట విన్నవారికి ఆలాపన యను మాటకు అర్థము చెప్పనక్కఱలేదు. సాహిత్యము లేనిచోట స్వరమే భయమును, ఎదిరింపును, బ్రతిమాలుటను, లొంగుబాటును వరుసగా పలుకుట ఆలాపన గాక మఱేమి? రాగము వేఱు, సంప్రదాయము వేఱు, పని యొక్కటే.

ఆ పనికి ఆమెకు ముట్టిన కూలి ముప్పది పౌండ్లు. ఆదివారమగుటచే రెట్టింపు. తన పాటను వారు వాడుకొనరనుకొని ఆమె ఇంటికి పోయెను. తరువాత దుకాణములో రికార్డుపై తన పేరు చూచి వాడిరని తెలిసికొన్నదట. పేరు గాయనిగా నున్నది గాని రచనలో భాగస్వామినిగా లేదు. రాగమును కల్పించిన గొంతు రచన చేసినట్లా, కూలి చేసినట్లా? ఈ ప్రశ్నను ఆమె 2004లో న్యాయస్థానమునకు తీసికొనిపోయెను. 2005లో వారు వెలుపల రాజీపడిరి. అటుపిమ్మటి ముద్రణలలో రైట్ పేరు ప్రక్కన ఆమె పేరును రచయిత్రిగా కనబడుచున్నది. ముప్పదిరెండు సంవత్సరములు పట్టినది. ధనముయొక్క పాపమును ఎత్తిపొడిచిన రికార్డులోనే ఇది జరుగుట గమనింపదగినది. పాడినవారికంటె పాట మేలైనదని చెప్పవలసిన సందర్భములు కళలో నెన్నియో కలవు, ఇది యొకటి.

రెండవ ప్రక్కన 'అస్ అండ్ దెమ్' అను దీర్ఘగీతము కలదు. మనము, వారు అని రెండుగా చీల్చికొని చంపుకొనుటను గూర్చినది. దాని వరుస మొదట ఆంతోనియోని గారి 'జబ్రిస్కీ పాయింట్' అను చిత్రమునకై రైట్ కట్టియిచ్చినది, ఆయన వలదన్నారు. పిదప వాటర్స్ దానికి మాటలు వ్రాసెను. ఆయన తండ్రి మొదట యుద్ధమున కొల్లనని అంబులెన్సు నడపినవాడు. తరువాత మనస్సు మార్చుకొని సైన్యమున జేరి 1944 ఫిబ్రవరిలో ఇటలీయందలి ఆంజియోవద్ద మరణించెను. అప్పటికి కుమారుడు కొన్ని నెలల శిశువు. ఇది తెలిసిన పిదప ఆ పాటలోని నెమ్మది, కోపము లేకపోవుట, నన్ను మఱింత కలత పెట్టినవి.

పాటల నడుమ కొన్ని మాటలు, నవ్వులు వినవచ్చును. వాటర్స్ కొన్ని ప్రశ్నలను చీటీలపై వ్రాసి స్టూడియోలో దొరికినవారిచేత ఒంటరిగా చదివించి, వారి జవాబులను పట్టుకొనెను. నీవు కడపట నెవరిపై చేయిచేసికొంటివి? న్యాయము నీ ప్రక్కనే యుండినదా? చావన్న నీకు భయమా? ఇట్టివి ఆ ప్రశ్నలు. ఆ సమయమున ప్రక్క గదిలో పనిచేయుచుండిన జగత్ప్రసిద్ధుడైన పాల్ మెకార్టినీ, ఆయన భార్యయు జవాబులిచ్చిరి, వానిని వాడలేదు. వారు మెలకువతో మాటాడిరట. వాడినవి సామానులు మోయువారి మాటలు, స్టూడియో ద్వారపాలకుడగు జెరీ ఓడ్రిస్కోల్ మాటలు. రికార్డు ముగింపున గుండెచప్పుడుమీద వినబడు తుది పలుకు ఆ ద్వారపాలకునిదే. పెద్దవారి యనుభవముకంటె తలుపువద్ద నిలిచినవాని యనుభవము తక్కువ కాదని ఉపన్యాసము లేకుండ చెప్పిన పద్ధతి యిది.

ఇక నాకు ముఖ్యమైన భాగమునకు వచ్చితిని. దాని పేరు 'బ్రెయిన్ డామేజ్'. అందులో నొక ఉన్మత్తుడుండును. మొదట వాడు పచ్చికమీద నుండును. అనగా దూరమున, బాటకు వెలుపల. పిదప ఇంటి నడవలోనికి వచ్చును. తుదకు పాడువాని తలలోనికే వచ్చికూర్చుండును. ఇంతే పాట. దీనికి మూలము సిడ్ బారెట్ అను మనుష్యుడు. 1946లో పుట్టిన కేంబ్రిడ్జి వాడు. ఈ బృందమునకు మొదటి నాయకుడు. 1967లో వెలువడిన మొదటి ఆల్బమ్‌లోని పాటలు చాలవఱకు ఆయనవే. ఎల్.ఎస్.డి. యను మత్తుమందు విరివిగా వాడుచుండెనని సహచరులే చెప్పిరి. మనస్సు చెదరినది. సభలో గిటారు పట్టుకొని ఒకే స్వరమును మీటుచు నిలుచుండును. లేదా ఏమియు మీటడు. 1968 జనవరిలో నొకనాడు సౌథాంప్టన్ అను ఊరిలో పాటకచ్చేరికి కారులో పోవుచు, సిడ్‌ను ఎక్కించుకొందమా యని ఒకరు, ఏల యని వేఱొకరు అనుకొనిరట. కారు ఆగలేదు. అటుపిమ్మట ఆయన లేకుండగనే వారు బృందమును నడపుకొనిరి.

ఈ సంగతి నేను చాల పిదప తెలిసికొంటిని. 1983లో నాకు తెలిసినది ఆ నవ్వు మాత్రమే. 'బ్రెయిన్ డామేజ్' పాటలో నొకచో ఒకడు నవ్వును. బృందమునకు చాకిరి చేయు పీటర్ వాట్స్ అనునాతని నవ్వట అది. గదిలోనివారందఱు ఆ నవ్వునకు తామును నవ్విరి. నాకు వెన్ను చల్లబడినది. ఆ నవ్వును నేను చిన్నప్పటినుండి ఒక తలుపు వెనుకనుండి వినియున్నాను.

మా అమ్మగారి అన్నదమ్ములలో మూడవవాడు, మా మామయ్య, ఇరువదియెనిమిదవ యేట మతి తప్పినవాడు. అంతకుముందు ఉన్నతపాఠశాలలో లెక్కలు చెప్పెడివారు. మా అమ్మమ్మగారి యింటిలో దొడ్డివైపున నొక కొట్టుగది యుండెను. ఆ గదిలో ఆయన ఇరువదేండ్లకు పైగా నుండిరి. ఒకమాఱు విశాఖపట్టణమునకు తీసికొనిపోయి చూపించిరి. చినవాల్తేరు అను మాట యింటిలో వినబడరాదు గనుక, 'సముద్రము చూపించి తెచ్చితిమి' అని చెప్పెడివారు. చుట్టములు వచ్చినప్పుడు గదికి గొళ్లెము. మా అక్కయ్యకు సంబంధములు చూచునాడు పాలేరు నిచ్చి ఆయనను ప్రక్కయూరికి పంపివేసెడివారు. పెండ్లిచూపులకు వచ్చిన పెద్దముత్తైదువ యొకతె మా అమ్మగారిని, 'మీ రెందఱు అన్నదమ్ములమ్మా?' అని యడుగుట నా చెవులార వింటిని. 'ముగ్గురండి' అని మా అమ్మ చెప్పినది. వారు నలుగురు.

మా అమ్మ అబద్ధమాడినదని నేనిది వ్రాయుట లేదు. ఆమె నాలుగు అన్నచో అక్కయ్య పెండ్లి నిలిచిపోయెడిది. ఇంటిలో నొకరికి మతి చెడిన, ఆ కుటుంబపు రక్తమే చెడినదని లెక్కగట్టు సమాజము ఆమెచే ఆ లెక్క చెప్పించినది. ఈ లెక్క మాఱినదా? 2017లో మన దేశమున మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము వచ్చినది. మనోరోగిని గొలుసులతో బంధించుటను అది నిషేధించినది. గౌరవముతో బ్రతుకుట వాని హక్కనినది. చట్టము మంచిదే. కాని సంబంధములు మాటాడుకొను చావడిలోనికి చట్టము రాదు. ఇప్పటికిని తెలంగాణములో నొకనిని తిట్టవలెనన్న 'ఎఱ్ఱగడ్డకు పంపవలె' నందురు. అచ్చటనున్నది మనోరోగులకు వైద్యము చేయు ఆసుపత్రి. ఊపిరితిత్తుల ఆసుపత్రి పేరు నెవ్వరైన తిట్టుగా వాడుదురా?

ఈ రికార్డు నాకు చేసిన మేలు ఇచ్చట నున్నది. పచ్చికమీది వాడు నడవలోనికి, నడవలోనివాడు తలలోనికి వచ్చుటను ఆ పాట నెమ్మదిగా, భయపెట్టక, వెక్కిరింపక చెప్పును. అంతకుముందు వచ్చిన గడియారములు, నాణెములు, విమానములు, యుద్ధము, చావు అన్నియు ఆ తలలోనివే. అందఱము మోయు బరువునే వాడును మోసినాడు. వాని భుజము ముందు విఱిగినది. అంతేగాని వాడు వేఱొక జాతి ప్రాణి కాడు. ఏ వైద్యుడును, ఏ సంస్కర్తయు నాకీ మాటను ఇట్లు చెప్పియుండలేదు. ఆ వేసవి సెలవులలో అమ్మమ్మగారి యింటికి పోయి, గొళ్లెము తీసి, మామయ్య గదిలో కూర్చుండసాగితిని. ఆయనకు నాతో పనిలేదు. బొగ్గుతో గోడపై అంకెలు వేయుచుండెడివారు. ఒకటి రెండు మాఱులు నా ప్రక్క చూచిరి. రోగము కుదురలేదు, 1991లో పోయిరి.

సిడ్ బారెట్ 2006 జూలైలో మరణించెను. ఆ వార్త పత్రికలో చూచి, అప్పటికి డెబ్బదియైదేండ్లు దాటిన మా అమ్మకు ఆ పాటను వినిపించి అర్థము చెప్పితిని. సంగీతము ఆమెకు నచ్చలేదు. గడియారముల మ్రోతకు ఉలికిపడి, 'ఇదేమి పాటరా' అన్నది. ఉన్మత్తుని పాట చివరకు విన్నది. స్నేహితులు కారు ఆపకపోవుట చెప్పితిని. 1975 జూన్‌లో వారు తరువాతి రికార్డు చేయుచుండగా ఆయన స్టూడియోకు వచ్చెననియు, తలయు కనుబొమ్మలును గొఱిగికొని స్థూలకాయుడై యుండుటచే వారు చాలసేపు గుర్తుపట్టలేదనియు, పట్టిన పిదప కన్నీరు పెట్టుకొనిరనియు చెప్పితిని. ఆమె యంతయు విని ఒక్క ప్రశ్న యడిగినది: 'వానికి అన్నము పెట్టిన దెవరురా?'

కేంబ్రిడ్జిలో తల్లి యింటికి చేరి, బొమ్మలు వేసికొనుచు, తోటపని చేసికొనుచు బ్రతికెననియు, తల్లి పోయిన పిదప చెల్లెలు వచ్చి చూచుకొనుచుండెననియు చెప్పితిని. 'అట్లనా' అని మా అమ్మ లేచిపోయినది.

ఆ ప్రశ్న నాకు ఈ రికార్డుపై వచ్చిన విమర్శలన్నిటిలో గట్టిదని తోచుచున్నది. మాటలు మిక్కిలి తేటగా నున్నవనియు, బోధ ఎక్కువైనదనియు, శబ్దము నునుపెక్కి నొప్పి తెలియకుండ పోయినదనియు విమర్శకులు కొందఱు చెప్పుదురు. మొదటిదానిని నేనొప్పుకొనను, తేటగా నుండుట దోషము కాదు. చివరిదానిలో కొంత నిజమున్నది. కాని ఉన్మత్తుని పచ్చికమీద చూచినవారును, తలలో మోసినవారును పాటలో నున్నారు గాని, వాని గదివద్ద కంచము పట్టుకొని కూర్చున్నవారు లేరు. మా అమ్మమ్మ యిరువదేండ్లు ఆ పని చేసినది. గొళ్లెము తీసి, పేరుపెట్టి పిలిచి, అన్నము కలిపి యిచ్చి, తినువఱకు గడపమీద కూర్చుండెడిది. ఏ పాటలోను ఆమె లేదు.

ఈ రికార్డు అట్టపైని బొమ్మ నెఱుగనివారు తక్కువ. నల్లని నేలపై గాజుపట్టకము, ఒక ప్రక్కనుండి తెల్లని వెలుగురేఖ, రెండవ ప్రక్కకు రంగులు. స్టార్మ్ థార్గర్సన్ ప్రభృతులు నడపిన హిప్నోసిస్ అను సంస్థవారు కల్పించిరి. జార్జి హార్డీ గీసెను. రంగులు ఆఱే, ఏడవది వదలివేసిరి. బృందమువారి పేరుగాని రికార్డు పేరుగాని అట్టముఖముపై వ్రాయలేదు. మా మేనల్లుని చొక్కామీద ఆ బొమ్మ యున్నది. అది యేమని యడిగిన వాడు భౌతికశాస్త్రమన్నాడు.

వినదలచిన గృహస్థులకు నాదొక చిన్న మనవి. రాత్రి భోజనములయిన పిమ్మట, ఫోను వేఱొక గదిలో నుంచి, మొదటినుండి తుదివఱకు ఒకేమాఱు వినవలెను. వాక్యములు పట్టుబడనిచో పిల్లలను ప్రక్కన గూర్చుండబెట్టుకొని అర్థము చెప్పించుకొనవలెను. వారు సంతోషముతో చెప్పుదురు. ఉయ్యెలలో పసిబిడ్డ యున్నచో నాలుగవ భాగము వచ్చుటకు ముందే ధ్వని తగ్గింపుడు; గడియారములన్నియు ఒక్కమాఱుగా మ్రోగును.